నాలుగు భుజాల లెక్క

మూడు కాళ్ళ పీటని ఎంత ఎగుడుదిగుడు నేల మీద వేసినా కుదురుగా కూర్చుంటుంది. నాలుగు కాళ్ళ బల్ల అలా కాదు. ఏదో ఒక కాలు గాల్లో ఉండి టకటకమంటుంది, దాని కింద అట్టముక్క మడిచి పెట్టాల్సిందే. సింగరాయకొండలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు.

"పాడెని నలుగురు మోస్తారు గదా సార్. నలుగురూ ఒకే ఎత్తుండరు. దారీ సాపుగా ఉండదు. మరి అదెందుకు టకటకలాడదు?"

క్లాసులో ఎవరూ నవ్వలేదు. ఆ పిల్లవాడి తాత పోయి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. తాతని సాగనంపుతూ పెద్దవాళ్ళంతా తలలు వంచుకుని నడుస్తుంటే వీడు పాడె కట్టు వంక చూస్తూ నడిచి ఉంటాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. "చూసి చెబుతాన్రా" అన్నాను. ఆ చూడటం చాలా దూరం తీసుకెళ్ళింది. దారిలో వెల్డింగ్ షాపు, ట్రాక్టరు, అలెగ్జాండరు, గాంధీగారి అంతిమయాత్ర అన్నీ తగిలాయి.

ముందు లెక్క చూద్దాం. మనిషి అరవై కిలోలు, పాడె పదహారు కిలోలు అనుకోండి. మొత్తం 76. నలుగురికి సమానంగా పంచితే తలకి 19 కిలోలు. చంకలో పిల్లవాణ్ణి ఎత్తుకున్నంత బరువు, ఎవరైనా మోస్తారు. కానీ ఆ చట్రం ఏమాత్రం వంగని బిరుసుదైతే ఈ పంపకం జరగదు. నాలుగు కాళ్ళ బల్లలాగే అది ఐమూలగా ఉన్న ఇద్దరి మీద నిలబడుతుంది. ఆ ఇద్దరూ చెరి 38 కిలోలు మోస్తుంటే మిగతా ఇద్దరి భుజాలకు కర్ర తగిలీ తగలకుండా ఉంటుంది. రెండడుగులు వేసేసరికి నేల తీరు మారి అవతలి ఐమూల జంట మీదకి బరువు ఒరుగుతుంది. అంటే ఒక్కో భుజం మీద బరువు సున్నాకీ 38కీ మధ్య గెంతుతూ ఉంటుంది. మోసేవాడు తూలిపోయేది మొత్తం బరువు వల్ల కాదు, ఈ గెంతుడు వల్ల.

పాడె కట్టేవాళ్ళని ఆ తర్వాత జాగ్రత్తగా గమనించాను. రెండు పొడవాటి పచ్చి వెదురు బొంగులు, వాటి మీద అడ్డంగా కర్రలు, పైన చాపో గడ్డో. ప్రతి కూడలి దగ్గరా తాడు కట్టు. మేకు ఒక్కటి కూడా ఉండదు. ఎందుకని అడిగితే తలా ఒక కారణం చెబుతారు. కాలేదానికి ఇనుమెందుకంటారు, ఇనుము కూడదంటారు, అప్పటికప్పుడు కట్టేదానికి మేకులు ఎవరు వెతుకుతారంటారు. కారణం ఏదైనా ఆ తాడు ముడి చేసే పని మాత్రం అద్భుతం. మేకు కొట్టిన కూడలి బిగుసుకుని ఉంటుంది. తాడు కట్టిన కూడలి తన చోటు వదలదు గానీ కొద్దిగా తిరుగుతుంది. కట్లన్నీ తలా కాస్త తిరిగితే చట్రం మొత్తం మెలి తిరుగుతుంది. పొట్టివాడి వైపు మూల దిగుతుంది, పొడుగువాడి వైపు మూల లేస్తుంది, ఎవరి భుజమూ ఖాళీగా ఉండదు. నులక మంచం కోడు ఒకటి గుంటలో పడ్డా మంచం నాలుగు కాళ్ళ మీదా సర్దుకునేది కూడా ఇందుకే.

పిల్లలతో కలిసి రెండు చిన్న చట్రాలు చేశాం. ఒకటి సరుగుడు కర్రలకు మేకులు దిగ్గొట్టి, పైన మందపాటి చెక్క బిగించినది. రెండోది వెదురు ముక్కలకు పురికొస కట్టినది. కూరగాయల కొట్లోంచి ఎలక్ట్రానిక్ కాటాలు నాలుగు అడిగి తెచ్చి ఒక్కో మూల కింద ఒక్కోటి పెట్టి, మధ్యలో ఇటుకలు పేర్చాం. తర్వాత ఒక మూల కింద పలక ముక్క దోపాం. మేకుల చట్రంలో ఐమూల కాటాలు రెండూ అంతెత్తుకి ఎగిసి, మిగతా రెండూ సున్నా దగ్గరకొచ్చేశాయి. తాడు చట్రంలో నాలుగు అంకెలూ కాసేపు అటూ ఇటూ కదిలి ఊరుకున్నాయి. ప్రశ్న అడిగిన పిల్లవాడు ఆ పలక ముక్కని ఒక్కో మూలకీ మార్చి మార్చి పెట్టి, నాలుగు సార్లూ చూసి గానీ నమ్మలేదు.

ఇక్కడ వెదురుకి లేని ఘనత కట్టబెట్టకూడదు. వెదురు ఊగుతుంది కాబట్టి కుదుపు తెలియదని చాలామంది అంటారు. కావడి విషయంలో అది నిజం. కావడి బద్ద పొడవు, బరువు రెండు కొసల్లో ఉంటుంది, దాని ఊపు మనిషి అడుగుల వేగం కంటే నిదానంగా ఉండేలా కుదిరితే భుజం మీద భారం దాదాపు నిలకడగా ఉంటుంది. పాడె అలా కాదు. ఏడెనిమిది అడుగుల బొంగుని రెండు కొసల్లో పట్టుకుంటే మధ్యలో అది వంగేది సెంటీమీటరు, మహా అయితే రెండు. నా లెక్క ప్రకారం అది సెకనుకి నాలుగైదు సార్లు ఊగుతుంది, మనం వేసే అడుగులు సెకనుకి రెండు. అడుగుల కుదుపుని పీల్చుకునేవి మోసేవాళ్ళ మోకాళ్ళే. వెదురు ఇచ్చేది తేలికదనం, ముడి ఇచ్చేది సర్దుబాటు.

తల వైపు మోసేవాళ్ళకి బరువు కొంచెం ఎక్కువ పడుతుంది. మనిషి గరిమనాభి ఎత్తులో సగానికి కాస్త పైగా, తల వైపుకే ఉంటుంది మరి. తేడా రెండు కిలోలకు మించదు గానీ అరమైలు నడిచాక అది భుజానికి తెలుస్తుంది. కాటికి వెళ్ళే దారిలో దింపుడు కళ్ళం దగ్గర పాడె దించుతారు. చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, ప్రాణం ఏ మూలైనా మిగిలి ఉంటే పలుకుతుందేమోనని. దింపుడు కళ్ళం ఆశ అనే మాట అక్కడినుంచే వచ్చింది. మోసేవాళ్ళు భుజాలు మార్చుకునేది కూడా అక్కడే. ఆశకీ అలుపుకీ ఒకే మజిలీ.

'ఆ నలుగురు' అనే సినిమా 2004లో వచ్చింది. ఆ పేరు వినగానే ఏ నలుగురో తెలుగువాళ్ళకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. లెక్కల మాస్టారుగా నాకు తోచేదేమంటే, సులువు కావాలంటే ముగ్గురు చాలు. ముగ్గురి మీద పెట్టింది మూడు కాళ్ళ పీట, ఎన్నడూ టకటకలాడదు. మన పెద్దవాళ్ళు కష్టమైన నలుగురిని ఎంచుకుని, ఆ కష్టాన్ని తాడు ముడితో తీర్చారు.

మా ఊళ్ళో కొందరు దాతలు కొన్నేళ్ళ కిందట వైకుంఠ రథం చేయించి ఇచ్చారు. నాలుగు చక్రాల తోపుడు బండి. యాంగిల్ ఇనుముతో చట్రం, పైన గోపురం ఆకారంలో రేకు, ముందు శంఖ చక్రాలు. పిల్లలు దూర దేశాల్లో ఉన్న ఇళ్ళు పెరిగాయి, మోయడానికి నలుగురు దొరకని రోజులివి. రథం ఉంటే ఇద్దరు తోస్తే చాలు. కానీ ఆ రథం నడుస్తుంటే చూడలేకపోయేవాళ్ళం. ఏదో ఒక చక్రం గాల్లో తిరుగుతూ ఉండేది. గుంట రాగానే ఆ చక్రం దభీమని దిగేది, అవతలి మూల చక్రం లేచేది, లోపల పడుకున్న మనిషి తల అటూ ఇటూ కొట్టుకునేది. పక్కన నడిచే ఆడవాళ్ళు చెయ్యి చాచి ఆ తలని పట్టుకుని నడిచేవాళ్ళు. అది నేను నా కళ్ళతో చూశాను.

రథాన్ని బాగుచేయమని హైవే పక్క వెల్డింగ్ షాపుకి తోసుకెళ్ళారు. ఆ షాపు కుర్రాడు నా దగ్గర చదువుకున్నవాడే.

"ఇంకో రెండు అడ్డ సపోర్టులు కొడతా మాస్టారూ, గట్టిపడుద్ది" అన్నాడు.

"గట్టిగా ఉండబట్టే ఊగుతోందయ్యా" అన్నాను.

ఇద్దరం షాపు ముందున్న ట్రాక్టరు కింద వంగి చూశాం. ట్రాక్టరు ముందు యాక్సిల్‌ని బాడీకి రెండు చివర్లా బిగించరు. సరిగ్గా నడిమధ్యలో ఒకే ఒక్క లావుపాటి పిన్ను మీద వేలాడదీస్తారు. ఎడమ చక్రం గట్టు ఎక్కితే యాక్సిల్ త్రాసు దండెలాగ వాలుతుంది, బాడీ వాలదు. ఎడమ చక్రం నాలుగంగుళాలు లేస్తే మధ్యలో పిన్ను లేచేది రెండంగుళాలే. రెండు చక్రాల ఎత్తులకు సగటు ఎంతో అంత. దుక్కి దున్నిన చేలో, చాళ్ళకు అడ్డంగా నడుస్తూ కూడా ట్రాక్టరు నాలుగు చక్రాలూ నేలని వదలకుండా ఉండేది ఈ పిన్ను పుణ్యమే. బండి మొత్తాన్ని మోసేవి నిజానికి మూడు బిందువులు, వెనక చక్రాలు రెండు, ముందు పిన్ను ఒకటి. నాలుగు చక్రాల బండి మూడు కాళ్ళ పీటగా మారిపోయింది.

ఆ సాయంత్రమే కుర్రాడు రథం ముందు యాక్సిల్‌ని కోసి విడదీశాడు. మధ్యలో మందపాటి పైపు ముక్క బుష్షుగా అతికి, అంగుళం బోల్టు దూర్చి, గ్రీజు పెట్టుకోవడానికి నిపుల్ బిగించాడు. నేను ఒక్కటే పట్టుబట్టాను, యాక్సిల్ వాలడానికి హద్దు ఉండాలని. మూడు బిందువుల మీద నిలిచే బండికి ఒక ప్రమాదం ఉంది. దాని బరువు ఆ మూడు బిందువుల త్రిభుజంలోనే పడాలి. ముందు వైపు ఆ త్రిభుజం సన్నగా మొనదేలి ఉంటుంది. మా రథానికి నెత్తిన గోపురం బరువొకటి, ఏటవాలు మలుపులో త్రిభుజం దాటి ఒరిగిందంటే అనర్థం. గట్ల మీద ట్రాక్టర్లు పల్టీ కొట్టడంలో ఈ సంగతికీ వాటా ఉంది. అందుకని యాక్సిల్‌కి రెండు పక్కలా ఇనుప దిమ్మలు అతికించాం. రెండంగుళాలు వాలాక దిమ్మ తగులుతుంది, అక్కడినుంచి అది మళ్ళీ నాలుగు కాళ్ళ బల్ల.

ఈ పిన్ను సంగతి చదవాలని పుస్తకాలు తిరగేస్తే అది నన్ను ఎక్కడికి చేర్చిందో చూడండి. క్రీస్తుపూర్వం 323లో అలెగ్జాండరు బాబిలోనులో చనిపోయాడు. దేహాన్ని తరలించడానికి ఒక రథం తయారు చేయించారు. అది పూర్తవడానికి దాదాపు రెండేళ్ళు పట్టింది. డియోడోరస్ అనే గ్రీకు చరిత్రకారుడు దాన్ని ముక్కముక్కా వర్ణించాడు. బంగారు పైకప్పు, చుట్టూ స్తంభాలు, స్తంభాల మధ్య బంగారు వల, దూరం నుంచే వినపడేలా పెద్ద గంటలు. లాగడానికి నాలుగు నొగలు, ఒక్కో నొగకి నాలుగు వరసలు, వరసకి నాలుగు కంచరగాడిదలు. నాలుగు నాలుగుల నాలుగు, 64. ప్రతి దాని తలకీ బంగారు పూత కిరీటం, దవడలకు గంటలు.

బంగారం సంగతి అందరూ రాస్తారు. నన్ను కట్టిపడేసింది రెండు చిన్న వాక్యాలు. రథం వెంట దారి బాగుచేసే పనివాళ్ళూ, యంత్రాలు తెలిసిన మిస్త్రీలూ నడిచారట. ఇక రెండోది, రథం మీది గది నడిమధ్యలో ఇరుసుల దగ్గర ఒక తిరుగుడు కీలు నేర్పుగా అమర్చారట, ఎగుడుదిగుడు దారిలో గది కుదుపులకు లోనుకాకుండా ఉండేందుకు. ఆ కీలు సరిగ్గా ఎలా ఉండేదో పండితులు రకరకాల బొమ్మలు గీశారు. ట్రాక్టరు కింద పడుకుని లేచినవాడిగా నేను గీసుకున్న బొమ్మ మాత్రం మధ్య పిన్నుదే. వాహనానికి కుదుపు తగలకుండా చేసే ఏర్పాటు గురించి నేను చదివినవాటిలో ఇంతకంటే పాత వర్ణన లేదు. అది యుద్ధ రథం గురించి కాదు, బతికున్న రాజు ఊరేగింపు బండి గురించీ కాదు. కుదుపు తెలిసే స్థితిలో లేని మనిషి కోసం. సిరియా దాకా ఆ రథం వచ్చింది. అక్కడ అలెగ్జాండరు సేనాని టోలెమీ సైన్యంతో ఎదురొచ్చి దేహాన్ని ఈజిప్టుకి తరలించుకుపోయాడు.

మన వాళ్ళకి ఈ కీలు కొత్తదేం కాదు. ఒంగోలు గిత్తల జత కాడికి మధ్యలో కట్టే తాడు చేసేదీ ఇదే పని. రెండెడ్లూ సమానమైన బలంతో ఉంటే ముడి సరిగ్గా మధ్యన ఉంటుంది. ఒకటి బలమైనదీ ఒకటి ముసలిదీ అయితే రైతు ముడిని బలమైనదాని వైపు రెండు వేళ్ళు జరుపుతాడు. దానికి దండె పొడవు తగ్గి భారం పెరుగుతుంది, ముసలిదానికి దండె పొడవు పెరిగి భారం తగ్గుతుంది. పుస్తకంలో దీన్ని బలభ్రామకం అని రాస్తాం. కాడి కట్టేవాడికి ఆ పేరుతో పనిలేదు.

సేద్యం మాట వచ్చింది గనక ఇదీ చెప్పాలి. శవవాహనాన్ని ఇంగ్లిషులో హెర్స్ అంటారు. అది ఫ్రెంచి మాట, అర్థం పళ్ళ గొర్రు. పొలంలో మట్టిగడ్డలు పగలగొట్టే ముళ్ళ చట్రం. చర్చిల్లో కొవ్వొత్తులు గుచ్చే ఇనుప చట్రం అచ్చం గొర్రుని తిరగేసినట్టు ఉండేది కాబట్టి దానికి ఆ పేరొచ్చింది. తర్వాత శవపేటిక మీద నిలబెట్టే చట్రానికి, ఆ తర్వాత పేటికని మోసే బండికి అదే పేరు పాకింది.

గుర్రాలో ఇంజనో ఉన్నా మనుషులే లాగిన యాత్రలు రెండు నాకు మరపురావు. 1901 ఫిబ్రవరిలో విక్టోరియా రాణి పేటిక ఫిరంగి బండి మీద విండ్సర్‌లో సాగాలి. చలిలో నిలబడి ఉన్న గుర్రాలు బెదిరి కట్లు తెంపుకున్నాయి. అప్పటికప్పుడు నావికులు తాళ్ళు పట్టుకుని లాగారు. అదే ఆచారమైపోయి, 2022లో రెండో ఎలిజబెత్ రాణి పేటికని అదే ఫిరంగి బండి మీద 142 మంది నావికులు లాగారు. రెండోది మనది. 1948 జనవరి 31న గాంధీగారి దేహాన్ని సైనిక వాహనం మీద తీసుకెళ్ళారు. జనానికి కనపడేలా రాత్రికి రాత్రి దాని బాడీ విప్పి ఎత్తైన వేదిక బిగించారు. ఇంజను మాత్రం వాడలేదు. నాలుగు తాళ్ళు కట్టి, తాడుకి యాభై మంది చొప్పున రాజఘాట్ దాకా లాగారు. మోటారు ఉండి కూడా మనిషి నడక వేగమే కావాలనుకున్నారు. నాలుగు తాళ్ళు, మళ్ళీ అదే నాలుగు.

మోటారు శవవాహనం 1909లో అమెరికాలో వచ్చింది. చికాగోలో ఒక అంత్యక్రియల నిర్వాహకుడు సొంతంగా చేయించుకుంటే, అదే ఏడాది సిన్సినాటిలోని క్రేన్ అండ్ బ్రీడ్ కంపెనీ అమ్మకానికే తయారు చేసింది. ఇంజను మీద పరుగెత్తడం మర్యాదకాదని మొదట్లో చాలామంది ఒప్పుకోలేదు. అంతకుముందే లండన్‌లో శవాల కోసం ప్రత్యేకంగా రైలు నడిచింది. 1854 నుంచి 1941లో స్టేషను బాంబు దాడిలో దెబ్బతినేదాకా వాటర్లూ నుంచి బ్రుక్‌వుడ్ శ్మశానానికి వెళ్ళేది. వెంట వెళ్ళేవాళ్ళకి రానూపోనూ టికెట్టు, పేటికకి పోవడానికి మాత్రమే. జపానులో కార్ల వెనక భాగం మీద చెక్కతో గుడిని చెక్కి, బంగారు పూత పూసి నడిపారు. మన రథాల గోపురానికి అది దూరపు చుట్టం అనిపిస్తుంది. ఈ మధ్య అక్కడ అవి తగ్గిపోయి నల్లటి సాదా కార్లు వచ్చాయి.

మోటారు బండి నాలుగు కాళ్ళ చిక్కుని స్ప్రింగులతో తీర్చింది. ప్రతి చక్రానికీ విడిగా పట్టీ స్ప్రింగు, ఎత్తు ఎక్కిన చక్రం తన స్ప్రింగుని నొక్కుకుంటుంది, మిగతావి నేల వదలవు. అయితే లారీలను కట్టేవాళ్ళు అంతటితో ఆగలేదు. లారీ కింద ఉండే నిచ్చెనలాంటి చాసిస్‌ని ఎప్పుడైనా వంగి చూడండి. రెండు పొడవాటి ఇనుప దూలాలు, మధ్యలో అడ్డ కమ్ములు. వెల్డింగు చేయగలిగీ చాలాచోట్ల రివెట్లే కొడతారు. దూలాన్ని మూసిన పెట్టెలా కాకుండా ఒక వైపు తెరిచి ఉంచుతారు. కావాలనే, చాసిస్ కొద్దిగా మెలి తిరగడానికి. అంటే మా ఊరి మీదుగా నేషనల్ హైవేలో రాత్రంతా పోయే లారీలన్నీ రెండు పొడవాటి బొంగులూ అడ్డ కర్రలూ ఉన్న మెలి తిరిగే చట్రాలే. ఈ మాట చెప్పినప్పుడు వెల్డింగ్ కుర్రాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అయితే పాడె కట్టేవాళ్ళు లారీ కట్టారన్నమాట" అన్నాడు. దానికంటే బాగా నేను చెప్పలేను.

ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో చనిపోయినవాళ్ళని ఊరు చేర్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం వాహనాలున్నాయి, డబ్బు తీసుకోరు. తెలంగాణలోనూ 2016 నుంచి ఉచిత వాహనాలు నడుస్తున్నాయి. అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చే పెట్టెలు విమానం దిగి ఇదే హైవే మీద ఊళ్ళు చేరతాయి. ఆ వాహనాలు హైవే మీద బాగానే వస్తాయి. ఇబ్బంది చివరి అరమైలులో. పత్తి చేల మధ్య నల్లరేగడి బాట వానకి తడిసిందంటే వ్యాను ఊరి మొదట్లోనే ఆగుతుంది. సన్న చక్రాల రథమూ దిగబడుతుంది. అప్పుడు టైరు బండో, ట్రాక్టరు ట్రక్కో.

మార్చిన రథం మొదటిసారి బయల్దేరిన రోజు నేనూ వెంట నడిచాను. పోయినావిడ నాకు దగ్గరి మనిషేం కాదు, మా వీధి చివర మిరపకాయల తొడాలు తీసే ముసలమ్మ. కాలవ దగ్గర ఎప్పుడూ దభీమనే గుంట వచ్చింది. ముందు ఎడమ చక్రం అందులోకి దిగింది. యాక్సిల్ వాలి, దిమ్మకి తగిలీ తగలకుండా ఆగి, మళ్ళీ లేచింది. నేను చక్రాన్ని చూడలేదు, ఆవిడ మెడలోని బంతిపూల దండని చూస్తున్నాను. అది కదల్లేదు.

శ్మశానం గేటు దాటాక ఇసుక. అక్కడికి చక్రాలు రావు. రథం మీదనుంచి పాడెని దించడానికి నలుగురు ముందుకొచ్చారు. ముగ్గురు పొడుగు, ఒకడు వాళ్ళ భుజం దాకా కూడా లేడు. బొంగులు ఎత్తుకోగానే ఆ మూల కిందికి దిగింది, కట్లు కిర్రుమన్నాయి, పాడె మెల్లగా మెలి తిరిగి నలుగురి భుజాల మీదా సర్దుకుంది. గేటు పక్కన గోడెక్కి కూర్చున్న ఆ వెనక బెంచీ పిల్లవాడు ఆ మూల వంకే చూస్తున్నాడు.